కడియం నుంచి తెచ్చిన మేత చెట్లు: 18 నెలలు వాడాక నా మాట

నిరుడు జూన్ రెండో వారంలో కడియం వైపు ఒక నర్సరీలో పశువుల మేత చెట్లు సెట్టుగా అమ్ముతున్నారని మా ఆడపడుచు చెప్తే వెళ్లి కొన్నాను. 100 అవిశ మొక్కలు, 100 సుబాబుల్, 60 గ్లైరిసీడియా కొమ్మలు, 20 మునగ. అన్నీ కలిపి 3,600 రూపాయలు తీసుకున్నారు. రావులపాలెం మీదుగా అంబాజీపేట దగ్గర ఉన్న మా ఊరికి చేర్చడానికి ట్రక్కు ఆటో కిరాయి ఇంకో 1,800 అయింది. నర్సరీ ముందు ఫ్లెక్సీ మీద మూడు మాటలు రాశారు: పాలు పెరుగుతాయి, దాణా ఖర్చు తగ్గుతుంది, పశువు వదిలే మీథేన్ తగ్గుతుంది. ఈ 18 నెలల్లో ఆ మూడు మాటల్లో ఏది ఎంత నిజమైందో, కొనాలనుకునేవాళ్లు ముందుగా ఏం అడగాలో చెబుదామని రాస్తున్నాను.

నాకు మూడు పాడి గేదెలు (నల్లపిల్ల, చుక్క, గౌరమ్మ), ఒక పెయ్యదూడ ఉన్నాయి. ఎకరం కొబ్బరితోట, రెండెకరాల చేను. మేతకు మా ఆధారమంతా వరిగడ్డే. ఒకప్పుడు సార్వా (వానాకాలపు వరి) కుప్ప నూర్చాక ఇంటి వెనక పెద్ద గడ్డివాము పడేది. ఇప్పుడు కోత మిషను వచ్చాక గడ్డి నలిగి చేలోనే పోతోంది, దాన్ని చుట్టించడానికి మళ్లీ కూలి. సార్వా కోతకు ముందు చేలో పిల్లిపెసర చల్లితే రెండు నెలలు పచ్చిమేతకు లోటుండదు. కానీ దాళ్వా (రెండో పంట వరి) వేసిన ఏడు ఆ చేను మేతకు దొరకదు. ఏప్రిల్ వచ్చి కాలువలు కట్టేశారంటే గట్ల మీద పచ్చగడ్డి కూడా మాడిపోతుంది. ఆ రెండు నెలలు గేదెలకు ఎండుగడ్డి, తవుడు, తెలగపిండి తప్ప ఏమీ ఉండదు. వరిగడ్డిలో బలం ఎంతుంటుందో రైతులందరికీ తెలిసిందే. 100 కిలోల గడ్డి పెడితే అందులో ప్రొటీన్ మూడు నాలుగు కిలోలు. మిగతాది పీచు, ఇసుకలాంటి సిలికా. పశువు రోజంతా నెమరు వేసినా దానిలో సగం దాకా అరగకుండానే పేడలో పోతుంది.

ముందు నర్సరీ గురించి. మొక్కల నాణ్యతకు వంక పెట్టలేను. అవిశ మొక్కలు జానెడున్నర ఎత్తు, కవరు చింపితే వేరు తెల్లగా, కవరు అడుగున చుట్ట చుట్టుకోకుండా ఉంది. గ్లైరిసీడియా కొమ్మలు బొటనవేలంత లావున, మనిషి నడుమంత పొడవున ఒకే తీరుగా కోసి, తడి గోనెలో చుట్టి ఇచ్చారు. 60లో 54 చిగురించాయి. లెక్కలో ఒక్క మొక్క తక్కువ రాలేదు, పైగా అయిదు అవిశలు కొసరు వేశారు. అమ్మిన కుర్రాడు మర్యాదగా మాట్లాడాడు. "గట్ల మీద వేసేసుకోండమ్మా, ఇక మేతకి ఢోకా ఉండదండి" అన్నాడు. ఏ గట్టు మీద ఏది వెయ్యాలో, ఏ ఆకు ఎంత పెట్టాలో మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు. నాకు జరిగిన నష్టమంతా అక్కడే మొదలైంది.

సుబాబుల్‌కు నీళ్లు నిలిచే చోటు పనికిరాదు. మా చేను ఒకవైపు మెరక, ఒకవైపు పల్లం. 60 సుబాబుల్ మొక్కలు పల్లపు గట్టున వేశాను. ఆగస్టు వానలకు డ్రెయిను ఎగదన్ని ఆ గట్టు తొమ్మిది రోజులు నీళ్లలో ఉంది. నీరు తీశాక చూస్తే ఆకు పసుపుబారి రాలిపోయింది, నెల తిరిగేసరికి 60కి 60 చచ్చాయి. అదే గట్టున వాటి మధ్య వేసిన అవిశలు మాత్రం కొంచెం దిగులుపడ్డట్టు వాలి, మళ్లీ తేరుకున్నాయి. అమ్మేటప్పుడు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ 60 మెరకన కాలవగట్టు మీద వేసేదాన్ని. డెల్టాలో మొక్క అమ్మేవాళ్లు ముందు అడగాల్సింది మీది పల్లమా మెరకా అని.

అవిశ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ సెట్టులో నా డబ్బు నిలబెట్టింది అదే. మాకు అవిశ కొత్తది కాదు. తమలపాకు తోటల్లో తీగ పాకించడానికి అవిశ నాటుతారు, ఆ ఆకు మేకలకు వెయ్యడం చిన్నప్పటినుంచీ చూశాను. ద్వాదశి పారణకి మా అత్తగారు అవిశాకు కూర తప్పకుండా వండేవారు. ఆ ఆకు గేదెకు ఇంత మేలని మాత్రం నాకు తెలీదు. ఎండబెట్టి తూస్తే ఆ బరువులో సుమారు నాలుగో వంతు ప్రొటీనే. జూన్‌లో నాటితే డిసెంబరుకల్లా ఇంటి చూరు దాటి పెరిగింది. మొదటిసారి కోసిన రోజు మా నల్లపిల్ల గాడిలో వరిగడ్డి పక్కకు తోసి మరీ ఆకు ఏరుకుని తింది.

కోసే పద్ధతిలో మాత్రం ఒక తప్పు చేశాం. సుబాబుల్‌ను నడుమెత్తున నరికితే గుబురుగా మళ్లీ చిగురిస్తుంది, గ్లైరిసీడియా కూడా అంతే. అవిశ అలా కాదు. మొండెం కొట్టేస్తే, అందులోనూ మాటిమాటికీ కొడితే, చెట్టు చచ్చిపోతుంది. మొదటి కోతలో మా మరిది అన్నిటినీ ఒకే ఎత్తున కొట్టేశాడు, 18 చెట్లు ఎండిపోయాయి. ఇప్పుడు తల జోలికి పోకుండా పక్క కొమ్మలు మాత్రమే విరుస్తాం, ఒక చెట్టుకు మళ్లీ నెలన్నర వరకూ వెళ్లం. నిలిచిన 87 చెట్లూ పచ్చగా ఉన్నాయి.

గ్లైరిసీడియా మాకు పచ్చిరొట్ట చెట్టుగానే తెలుసు, దమ్ములో తొక్కడానికి. మేతగా వేస్తే మొదటి వారం ఒక్క గేదె కూడా ముట్టలేదు. ఆ ఆకుకు ఒక ఘాటైన వాసన ఉంది, పశువు మూతి పెట్టి వెనక్కి తీసుకుంటుంది. డబ్బు వృథా అయిందని బాధపడ్డాను. తర్వాత మా మండలం పశువుల డాక్టరు గారు చెప్పినట్టు ముందు రోజు సాయంత్రం కోసి, సావిడి చూరు కింద పరిచి, వాడిపోయాక పొద్దున తవుడు చల్లి పెట్టడం మొదలుపెట్టాను. పది రోజులకు అలవాటు పడ్డాయి. ఇప్పుడు చుక్క ఒక్కటే పచ్చిగా వేస్తే వదిలేస్తుంది, వాడితే తింటుంది. నడివేసవిలో నీళ్లు లేకపోయినా ఆకు నిలిచింది ఈ చెట్టుకే.

మునగ కోసం ఈ సెట్టు కొననక్కర్లేదు. పెరట్లో కొమ్మ పాతుకుంటే చాలు. ఆకు మంచిదే, కానీ 20 చెట్ల ఆకు మూడు గేదెలకు ఏ మూలకు వస్తుంది? ఇంట్లో పప్పులోకి వాడుతున్నాం.

ఇప్పుడు నాకు టెన్షన్ పెట్టిన సంగతి చెప్పాలి. మెరకన బతికిన 40 సుబాబుల్ చెట్లు ఈ ఏప్రిల్‌కు బాగా గుబురుకట్టాయి. కాలువలు కట్టేశారు, పచ్చిమేత లేదు. పెయ్యదూడ ఇష్టంగా తింటోందని పనిమనిషి దానికి పొద్దున్నా సాయంత్రం లేత సుబాబుల్ కొమ్మలే వేస్తూ వచ్చింది, గడ్డి దాదాపు మానేసింది. మూడో వారానికి దూడ తోక కుచ్చు జుట్టు రాలడం మొదలైంది, తర్వాత వీపు మీద రోమాలు. చర్మరోగం అనుకుని వేపాకు నూరి పూశాను. డాక్టరు గారు వచ్చి చూసి మొదట అడిగింది "ఏం మేత పెడుతున్నారమ్మా?" అని. సుబాబుల్‌లో మైమోసిన్ అనే పదార్థం ఉంటుంది, లేత చిగుళ్లలో మరీ ఎక్కువ. అదే మేతగా పెడితే జుట్టు రాలుతుంది, పొట్టలో అది మారి థైరాయిడ్ గ్రంథిని కూడా దెబ్బతీస్తుంది. మొత్తం మేతలో మూడో వంతుకు మించకూడదని చెప్పారు.

ఆయన చెప్పిన ఇంకో విషయం నాకు చాలా నచ్చింది. హవాయి దీవుల్లో మేకలు ఇదే ఆకు కడుపునిండా తిన్నా ఏమీ కాదట. ఆస్ట్రేలియాలో పశువులకేమో జబ్బు చేసేది. రేమండ్ జోన్స్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఆ తేడా ఎందుకని వెతికితే, హవాయి మేకల పెద్ద పొట్టలో ఆ విషాన్ని విరిచేసే బ్యాక్టీరియా ఉందని తేలింది. 1980ల్లో దాన్ని ఆస్ట్రేలియా పశువుల పొట్టలోకి ఎక్కించి వాటిని కాపాడారు. ఆ బ్యాక్టీరియాకు తర్వాత ఆయన పేరు కలిసేలా సినర్జిస్టెస్ జోన్సీ అని పేరు పెట్టారు. మన దేశంలో చాలా పశువుల్లో ఇలాంటివి ఉన్నాయట, కానీ విడిగా కట్టేసి పెంచే దూడకు ఇంకా చేరి ఉండకపోవచ్చని డాక్టరు గారన్నారు. సుబాబుల్ పూర్తిగా ఆపేశాం. రెండు నెలలకు జుట్టు మళ్లీ వచ్చింది. ఇప్పుడు దూడకు అది వెయ్యం. పాడి గేదెలకు కూడా పాలు పితికాకే పెడతాం, ముందు పెడితే పాలకు ఆకు వాసన పడుతుంది.

ఇక ఫ్లెక్సీ మీద ఉన్న మీథేన్ మాట. దీన్ని చాలామంది పట్టించుకోరు, నేను పట్టించుకున్నాను. మా అబ్బాయి చెప్పినవి, డాక్టరు గారు చెప్పినవి కలిపి నాకు అర్థమైంది ఇది. గేదె పెద్ద పొట్ట పెద్ద కుండలాంటిది, గడ్డి అందులో పులుస్తుంది. పీచు ఎక్కువున్న గడ్డి పులిసేటప్పుడు హైడ్రోజన్ ఎక్కువ పుడుతుంది. పొట్టలోనే ఉండే కొన్ని సూక్ష్మజీవులు ఆ హైడ్రోజన్‌ను బొగ్గుపులుసు గాలితో (కార్బన్ డయాక్సైడ్‌తో) కలిపి మీథేన్ చేస్తాయి. అది వెనకనుంచి పోతుందనుకుంటాం, కానీ దాదాపు అంతా త్రేన్పులుగా నోటినుంచే వస్తుంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో ఆ వాయువు 100 ఏళ్ల లెక్కన బొగ్గుపులుసు గాలికి 27, 28 రెట్లు. అది లోకం సంగతి. మన సంగతి ఏంటంటే, పశువు తిన్న మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం దాకా ఇలా గాలిలో కలిసిపోతుంది. నేను కొని పెట్టిన తవుడు, దాణాలో కొంత పాలు కాకుండా త్రేన్పుగా పోతోందన్న మాట. అది తెలిశాక నాకు మీథేన్ మా సావిడి సమస్యగానే కనిపించింది.

చెట్ల ఆకుల్లో టానిన్లు ఉంటాయి, తుమ్మచెక్క నమిలితే నోరు పట్టేసే వగరు అదే. ఆ వగరు మీథేన్ చేసే జీవులను, వాటిని మోసుకుతిరిగే ప్రోటోజోవాలనే ఏకకణ జీవులను కొంత అణుస్తుంది. ఇంకో మేలు, ఆకులోని ప్రొటీన్‌ను పట్టుకుని పెద్ద పొట్టలో కరిగిపోకుండా కాపాడి కిందికి పంపుతుంది, అక్కడ అది పశువుకు నేరుగా అందుతుంది. కానీ వగరు ఎక్కువైతే ఇదే కీడు. పశువు మేత తగ్గిస్తుంది, పీచు అరగదు. అరక్కపోతే కూడా మీథేన్ తగ్గుతుంది, కానీ అది పశువును పస్తు పెట్టి సాధించిన తగ్గుదల, రైతుకు దానివల్ల ఏ లాభమూ లేదు. అందుకే ఎంత పెట్టాలన్నదే ఈ సరుకులో అసలు విషయం. దాని గురించి ఫ్లెక్సీలో ఒక్క అక్షరం లేదు.

పైగా ఆ ఫ్లెక్సీ నాలుగు చెట్లకూ ఒకే మాట రాసింది. ఈ నాలుగింటిలో టానిన్ చెప్పుకోదగ్గంత ఉన్నది సుబాబుల్‌లో. మునగలో అది చాలా తక్కువ. అవిశ జాతి ఆకుల్లో సాపోనిన్లు ఉంటాయి, నీళ్లలో నలిపితే నురగ వచ్చే పదార్థం, అవి ప్రోటోజోవాల మీద వేరే దారిలో పనిచేస్తాయి. మునగ మొక్క అమ్ముతూ మీథేన్ పేరు చెప్పడం నాకు న్యాయంగా అనిపించలేదు.

మా గేదెల్లో మీథేన్ తగ్గిందా అని అడిగితే కొలవలేదనే చెప్తాను. దాన్ని కొలవాలంటే గాలి బయటికి పోని గదిలో పశువును ఉంచాలి, లేదా పొట్టలో ఒక చిన్న గొట్టం వేసి మెడకు డబ్బా కట్టి ఊపిరి పట్టాలి. పరిశోధన కేంద్రాల్లో జరిగే పని అది. బెంగళూరులో జాతీయ పశుపోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ వాళ్లు టానిన్లున్న మొక్కల సరుకుతో హరిత్ ధార అనే దాణా మిశ్రమం తయారుచేసి, దానితో మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని చెప్పారు. అంటే దారి సరైనదే. కానీ వాళ్లది తూచి కలిపిన మిశ్రమం. నర్సరీ మొక్క కొన్నంత మాత్రాన ఆ అంకె మన గేదెకు వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మవద్దు.

నేను కళ్లతో చూసింది చెప్తాను. ఇప్పుడు ఒక్కో పాడి గేదెకు రోజుకు అయిదు కిలోల వాడిన ఆకు పెడుతున్నాను, అందులో సుబాబుల్ రెండు కిలోలు మించదు, మిగతాది అవిశ, గ్లైరిసీడియా. వరిగడ్డి ముక్కలు కొట్టి అందులో కలుపుతాను. ఇదివరకు పొద్దున్నే గాడిలో గంపెడు గడ్డి మిగిలేది, ఇప్పుడు అడుగు కనిపిస్తోంది. పేడలో పొడవు గడ్డిపోచలు తగ్గాయి. కడుపులో పులిపించే జీవులకు కూడా ప్రొటీన్ కావాలి కదా, అది అందేసరికి గడ్డి కూడా బాగా అరుగుతోందని నాకు అనిపిస్తోంది. తెలగపిండి గేదెకు రోజుకు అర కిలో తగ్గించాను, పాలు పడిపోలేదు. మూడు గేదెలకు కలిపి రోజుకు కిలోన్నర, మేము కొనే ధర కిలో 50 చొప్పున 75 రూపాయలు. ఈ ఏడు ఆకు పెట్టిన రోజులు సుమారు 200, అంటే 15,000 మిగిలింది. ఆకు విరవడానికి, పరవడానికి రోజూ గంటన్నర పడుతోంది, అది నా సొంత ఒళ్లు కాబట్టి లెక్కలో వెయ్యలేదు. కూలి పెట్టేవాళ్లకు ఈ లెక్క నిలబడదు.

పాలు పెరుగుతాయన్న మాట మా ఇంట్లో నిజం కాలేదు. గౌరమ్మ పూటకు మూడు లీటర్లు ఇచ్చేది, ఇప్పుడూ అంతే. పాలకేంద్రంలో వెన్న 6.4 ఉండేది 6.9 వచ్చింది, మొదట చాలా సంతోషపడ్డాను. కానీ ఈని నెలలు గడిచేకొద్దీ వెన్న ఎలాగూ పెరుగుతుంది. కిందటి ఈతలో అదే నెల చీటీలు తీసి చూస్తే 6.7 ఉంది. కాబట్టి ఆకు వల్ల వచ్చిందంటే మహా అయితే రెండు పాయింట్లు. అదే పాలు తక్కువ దాణాతో వస్తున్నాయి, నాకు అది చాలు. మీథేన్ కూడా లీటరు పాలకు ఎంత అని చూడాలని డాక్టరు గారన్నారు. పస్తున్న గేదె తక్కువ త్రేనుస్తుంది, పాలూ ఇవ్వదు.

మే నెలలో మళ్లీ ఆ నర్సరీకి వెళ్లి చచ్చిన సుబాబుల్ సంగతి, దూడ సంగతి చెప్పాను. కుర్రాడు కాదు, ఈసారి యజమాని ఉన్నారు. వాదించలేదు. 60 మొక్కలకు బదులు 40 గ్లైరిసీడియా కొమ్మలు ఊరికే ఇచ్చారు. మొక్కలతోపాటు ఒక కాగితం ఇమ్మని అడిగాను: ఏ మొక్క పల్లానికి పనికొస్తుంది, ఏది ఎంత ఎత్తున కొయ్యాలి, సుబాబుల్ మూడో వంతుకు మించకూడదు, దూడలకు వద్దు. వేయిస్తామన్నారు. మొన్న నవంబరులో మా ఆడపడుచు వాళ్లు అక్కడే కొన్నప్పుడు కూడా ఆ కాగితం రాలేదు.

కొనదలిస్తే పల్లపు చేలవాళ్లు సుబాబుల్ వదిలేసి అవిశ, గ్లైరిసీడియా మాత్రం తీసుకోండి, విడిగా కూడా అమ్ముతారు. మెరక ఉన్నవాళ్లు గేదెకు పది చెట్ల చొప్పున సుబాబుల్ వేసుకుంటే సరిపోతుంది. నేను ఇక అవిశ కొనను. ఈ ఏడు మా చెట్లు కాయ కాశాయి, మూరెడు పొడవు కాయలు ఎండగట్టి రెండు డబ్బాల గింజలు తీశాను. ఒక డబ్బా మా వీధిలో గేదెలున్న నాలుగిళ్లకు పంచాను, ఎలా కొయ్యాలో దగ్గరుండి చూపిస్తానని చెప్పాను.